గొడుగు అయ్యవారూ మా మిరియమూ

మోకాలికి ఆపరేషన్ చేయించుకుని తిరుపతిలో మా అమ్మాయి ఇంటికి వచ్చి నెల దాటింది. ఈ నెలలో ఆ ఇంట్లో నాతో పడనిది ఒకే ఒక ప్రాణి, వాళ్ళ కుక్క బ్రూనో. నల్లమూతి, గోధుమరంగు ఒళ్ళు, దూడంత ఆకారం. మొదటి పది రోజులూ నా మంచం కిందే పడుకుని గురకపెట్టిన ఈ జీవి ఉన్నట్టుండి నా చేతికర్రను చూసి పళ్ళు బయటపెట్టడం మొదలుపెట్టింది. సాయంత్రం మనవరాలు హాసినికి నాలుగు హిందీ ముక్కలు చెబుదామని ఒక చేత్తో పుస్తకం, ఇంకో చేత్తో కర్ర పట్టుకుని హాల్లోకి వస్తే చాలు, లోపల్నుంచి ఒక గుర్రు. ఇంకో అడుగు వేస్తే ఇల్లు ఎగిరిపోయే అరుపు. పోయిన వారం కర్ర కొస పట్టుకుని లాగితే నేను సోఫాలో కూలబడ్డాను. దెబ్బేమీ తగల్లేదు గానీ, కుక్కను ఎవరికైనా ఇచ్చేద్దామని మా అమ్మాయి ఆ పూటే తేల్చేసింది. పన్నెండేళ్ళ హాసిని అన్నం మానేసి ఏడ్చింది. అల్లుడు మధ్యేమార్గంగా ఒక ట్రైనర్‌ను పిలిపించాడు.

ట్రైనర్ నడుముకు ఒక చిన్న సంచి, సంచిలో ఉడకబెట్టిన కోడిముక్కలు, చేతిలో కుక్క మూతికి తొడిగే నైలాన్ బుట్ట. కుక్క ఏం తింటుంది, ఎంతసేపు నడుస్తుంది, ఎక్కడ పడుకుంటుంది అని డాక్టరు అడిగినట్టు అన్నీ అడిగి రాసుకున్నాడు. చివర్న తలెత్తి, "ఇంట్లో ఎవరైనా దీన్ని ఉసిగొల్పుతున్నారా? తెలిసి గానీ, తెలియక గానీ?" అన్నాడు. అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అరవై ఎనిమిదేళ్ళ నాకు చెవులు వేడెక్కాయి. ఈసారి నేను ఏ పాపమూ ఎరగను. కానీ సరిగ్గా ఈ ప్రశ్నే మా నాయన నోట ఒకసారి విన్నాను. ఆ రోజు దానికి జవాబు నా దగ్గరే ఉండేది.

చిత్తూరులో మా నాయనది బెల్లం మండీ. ముందు మండీ, దాన్ని ఆనుకుని మా ఇల్లు, ఇంటి గేటుకూ వరండాకూ మధ్య పొడుగాటి మట్టివాకిలి. కొత్త బెల్లం దిగిన రోజున వీధి మలుపు నుంచే వాసన తెలిసేది. మా బట్టలకు అదే వాసన, పుస్తకాలకు అదే వాసన, బడిలో నా పక్కన కూర్చున్న పిల్లకూ అదే అంటుకునేది. మా ఇంటికి చీమలే సొంతదారులు, మేమంతా వాటికింద బాడుగకు ఉన్నవాళ్ళం. నాయన పొద్దున్నే ఒక్కో దిమ్మె అంచు చిదిపి ముక్కు దగ్గర పెట్టుకుని, నాలుక మీద వేసుకుని, అది ఏ ఊరి చెరుకో చెప్పేవాడు. ఆ తరవాత మధ్యాహ్నం దాకా మాట్లాడేవాడు కాదు. మాట్లాడితే నా గురించి మాత్రం ఒకే మాట: "ఇంగొకసారి నీ మింద ఫిర్యాదు వస్తే బడి మానిపిస్తా." మా అక్కను ఏడో తరగతితోనే మానిపించాడు కాబట్టి అది ఉత్త బెదిరింపు కాదని నాకు తెలుసు. తెలిసి కూడా ఫిర్యాదులకు తక్కువ చేయలేదు.

మిరియం మాకు బెల్లం గోతాల సందులో దొరికిన కుక్కపిల్ల. నల్లగా, గుండ్రంగా, గుప్పెడంత ఉండేది. "సూసేదానికి ఇంతే, కొరికినాక తెలస్తాది," అని మా అవ్వే, అంటే నాయనను కన్నతల్లే, దానికి ఆ పేరు పెట్టింది. అవ్వ ముగ్గు విషయంలో మహా పట్టుదల మనిషి. తెల్లవారి బియ్యప్పిండితో ముగ్గు వేశాక దాన్ని తొక్కిన మనిషిని ఆ రోజంతా వదిలేది కాదు. కుక్కపిల్ల ముగ్గు మీదికి వెళ్ళబోయిన ప్రతిసారీ కొట్టకుండా, తిట్టకుండా, చంకనెత్తుకుని పక్కదారిన దించేది. అట్లా ఎన్ని వందల సార్లు దించిందో ఏమో, మిరియానికి లోకంలో ఏ నియమమూ లేకపోయినా, ముగ్గు తొక్కకూడదనే నియమం ఒకటి ఒంటపట్టింది. పెద్దదయ్యాక కూడా ముగ్గు అంచు దాకా వచ్చి ఆగి, చుట్టూ తిరిగి పోయేది.

నేను ఎనిమిదిలో ఉండగా నాయన నాకు హిందీ ట్యూషన్ పెట్టించాడు. చదువు మీద ప్రేమతో కాదు. ఉత్తరాది సేట్ల దగ్గర్నుంచి బెల్లం గురించి హిందీలో జాబులు వచ్చేవి, చదివి పెట్టే మనిషి ఇంట్లోనే ఉంటే మేలని. కాణిపాకం దారిలో ఉండే అయ్యవారు ఒకాయన రోజూ సాయంత్రం బస్సు దిగి నడిచి వచ్చేవాడు. సన్నటి మనిషి, తెల్లటి పంచె, వేళ్ళకు నశ్యం వాసన, ఎండైనా వానైనా తలమీద నల్లగొడుగు. ఆ వేళకు వీధిలో మా జట్టంతా కుంటాట ఆడుకుంటుంటే నేను వరండాలో కూర్చుని క్రియాపదాలు వల్లించాలి. నాకు ఆయనంటే కోపం లేదు, ఆయన వచ్చే వేళంటేనే కోపం.

ఒకరోజు అయ్యవారు గేటు దగ్గర గొడుగు టప్పున మూశాడు. మిరియం ఉలిక్కిపడి ఒక అరుపు అరిచింది. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, "రేపు వస్తాలేమ్మా" అని వెళ్ళిపోయాడు. నా చేతిలో తింటున్న బెల్లంముక్క ఉంది. సంతోషం పట్టలేక సగం విరిచి మిరియం నోట్లో పెట్టాను. నిజంగా చెబుతున్నాను, మొదటి రోజు అది బహుమానమే, కుట్ర కాదు. రెండో రోజు నుంచి మాత్రం కుట్రే. గొడుగు కనపడగానే అరవాలి, అరిస్తే బెల్లం. పది రోజుల్లో మా మిరియానికి వచ్చినంత చదువు నాకు హిందీలో రాలేదు. గేటు కిర్రుమంటే చాలు, అది ముందు అయ్యవారి వైపు అరిచి, తరవాత నా గుప్పిటి వైపు చూసేది. ట్యూషన్ వారానికి రెండు రోజులకు పడిపోయింది. ఆడుకునే పిల్లలు నన్ను చూసి ఈర్ష్య పడ్డారు.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. పరీక్ష దగ్గర పడుతోందని ఒకరోజు అయ్యవారు తెగించాడు. గొడుగును డాలులాగా ముందు పట్టుకుని వాకిట్లోకి నడిచాడు. మిరియం అరిచింది. ఆయన ఆగలేదు. అది గొడుగు చుట్టూ తిరిగి వెళ్ళి పిక్క పట్టేసింది. అయ్యవారు కాలు పట్టుకుని నా ఎదురుగా నేలమీద కూలబడ్డాడు, తెల్లపంచె మీద ఎర్రగా మరక. నేను గుప్పిట్లో బెల్లంతో కొయ్యబారిపోయాను. అప్పటి రోజుల్లో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ సూదులు. ఆస్పత్రిలో మొదటి సూది వేయించుకుని అయ్యవారు కడుపు పట్టుకుని నడిచొస్తుంటే నేను గోడ చాటుకు తప్పుకున్నాను. కుక్కను పది రోజులు కనిపెట్టి ఉండమన్నాడు డాక్టరు. ఆ పది రోజులూ తేలు కుట్టిన దొంగలాగా ఇంట్లో మూలమూలకూ తిరిగాను.

మిరియానికి పిచ్చి లేదని తేలింది. అంతటితో నాయన తీర్పు చెప్పాడు. "అరిచే కుక్క కరవదంటారు. ఇది అరిచి మరీ కరిచింది. ఎల్లుండి లారీ పోతాది గదా, మొగిలి ఘాట్‌లో దించేసి రమ్మంటా." ఆ ఘాట్ అడవిలో చిరుతలు తిరుగుతాయని చిత్తూరులో తెలియని పిల్ల లేదు. మండీకి వచ్చిన పెద్దమనుషులు తలా ఒక సలహా ఇచ్చారు. కుక్కకాటుకు చెప్పుదెబ్బ అని ఒకరు, నాలుగు రోజులు పస్తు పెట్టమని ఒకరు, మిరపకాయల పొగ పెట్టమని ఒకరు. అప్పుడే పాలు పోయడానికి మునెమ్మ వచ్చింది. ఆమెవి నాలుగు ఆవులు. ఎవరి ఇంట్లో ఏ పశువు మొండికేసినా ఆమెకే కబురు పెట్టేవాళ్ళు.

"కొడితే దానికేం తెలస్తాది సామీ?" అంది మునెమ్మ, చెంబు దించకుండానే. "మనిసంటే బయమని తెలస్తాది. ఆ బయంతోనే ఇంగొకర్ని కరస్తాది. పస్తు పెడితే ఆకలికి కరస్తాది. మీరు సెప్పేవన్నీ కరిసేదానికే మందులు."

"అట్లయితే నువ్వే సెప్పు, ఏం సెయ్యల్ల?" అన్నాడు నాయన.

"అది అరిస్తే అయివోరు ఎనక్కి పోతా ఉండాడు. అరిస్తే పనైపోతాదని దానికి తెలిసిపోయింది. దానికి తోడు ఎవురో తాయిలం గూడా పెట్టినట్టుండారు." అని చెప్పి మునెమ్మ ఆకాశం వైపు చూసింది.

"ఎవురు?" అన్నాడు నాయన.

"నాకేం తెలుసు సామీ. పాలు పోసుకునేదాన్ని."

నాయన లేచాడు. అందరినీ వరసగా చూసి, పిలిపిస్తే వచ్చి, కాలికి కట్టుతో కుర్చీలో కూర్చున్న అయ్యవారి దగ్గర ఆగాడు. "అయివోరూ, మా ఇంట్లో ఎవురన్నా దీన్ని ఉసిగొల్పినారా? మీరు సెప్పండి. నిజం తేలకుంటే అందర్నీ కాణిపాకం తీసకపోయి సామి ముందర ప్రమాణం సేయిస్తా." కాణిపాకంలో అబద్ధపు ప్రమాణం చేసి బతికి బట్టకట్టినవాడు లేడని మా వైపు నమ్మకం. ఎంతటి మొండివాడైనా ప్రమాణానికి ముందు కోనేట్లో మునగకముందే నిజం ఒప్పుకునేవాడు. నేను అవ్వ వెనక్కి జరిగాను. అయ్యవారు నావైపు చూడనే లేదు. "ఎవురూ లేదు సామీ. దానికి గొడుగంటే బయం. నోరు లేని జీవం," అన్నాడు.

అవ్వ ఆ సందు పట్టుకుంది. "మండలం దినాలని కాణిపాకం సామికి మొక్కుకున్నా. నలబై దినాలు కుక్క గేటు దాటేది లేదు. మునెమ్మ సెప్పినట్టు సేద్దాం. దాని తరవాత నీ ఇష్టం రా," అంది. ఆ మొక్కు ఆ నిమిషంలోనే పుట్టిందని నాకు తెలుసు, నాయనకూ తెలుసు. అయినా మండలం అన్న మాట వచ్చాక ఆయన కాదనలేడు.

మునెమ్మ వైద్యం మర్నాడే మొదలైంది. దూడలు మన్ను తినకుండా మూతికి కట్టే తాటి చిక్కం ఒకటి తెచ్చి మిరియానికి సరిపోయేటట్టు అల్లింది. కుక్క నోరు తెరిచి రొప్పగలగాలి, నీళ్ళు తాగగలగాలి, సందుల్లోంచి చిన్న బెల్లపు పలుకు పట్టాలి, అదీ ఆమె లెక్క. మెడకు పొడుగాటి తాడు. గేటు పక్కన అయ్యవారికి కుర్చీ. ఆ కుర్చీకి ముందు అవ్వ చేత బియ్యప్పిండితో అడ్డంగా ఒక గీత. ముగ్గు కాబట్టి మిరియం దాన్ని దాటదు. గేటు కిర్రుమన్నాక కుక్క ఇంకా నోరు తెరవకముందే నేను బెల్లం పెట్టాలి. అది గుర్రుమంటే ఎవరూ అరవకూడదు, అయ్యవారు వెనక్కి పోకూడదు, ముందుకూ రాకూడదు, ఊరికే కూర్చోవాలి. అది అయ్యవారిని వదిలి నావైపు తల తిప్పితే మళ్ళీ బెల్లం. అరవని రోజు గీతా కుర్చీ జానెడు ముందుకు జరుగుతాయి, అరిచిన రోజు ఉన్నచోటే ఉంటాయి.

"అయివోరు దినామూ రావల్ల. ఒక్క దినం తప్పినా మళ్ళా మొదటికొస్తాది," అంది మునెమ్మ.

"ఆదివారం గూడానా?" అని నోరు జారాను.

"కుక్కకి ఆదివారం తెలస్తాదా పాపా?" అంది ఆమె. ఈసారి ఆకాశం వైపు చూడలేదు, సూటిగా నావైపే చూసింది.

అయ్యవారు సరేనన్నాడు. సరేనని ఊరుకోకుండా, "ఊరికే కూసోవడమెందుకు, పాఠం గూడా సెప్తా," అన్నాడు. ఆయన గేటు దగ్గర, నేను కుక్క పక్కన వరండాలో. మధ్యలో అంత పొడుగు వాకిలి. ఆయన ప్రశ్న కేకవేసి అడిగేవాడు, నేను జవాబు కేకవేసి చెప్పాలి. నేను చేసిన ప్రతి తప్పూ వీధి వీధంతా వినేది. వారం తిరిగేసరికి ఎదురుగా సోడాలు అమ్మే ఆయన నాకంటే ముందే జవాబులు చెప్పడం మొదలుపెట్టాడు. కుంటాట జట్టు ఆట మానేసి గోడెక్కి కూర్చుని నన్ను చూసి నవ్వేది. ట్యూషన్ ఎగ్గొట్టాలని చూసినందుకు నాకు దేవుడు ఆదివారాలతో సహా, ఊరంతా వినేలా ట్యూషన్ రాసిపెట్టాడు. ఒక చేతిలో పుస్తకం, ఒక చేతిలో బెల్లం, తొడ మీద మిరియం తల. అది తల నావైపు తిప్పి కళ్ళెత్తి చూసినప్పుడల్లా, దీనికి అరవమని నేర్పింది నేనే కదా అని గుండె పిండేసేది.

మొదటి వారం గీత జానెడైనా కదల్లేదు. రెండో వారం మునెమ్మ గొడుగును మూసి నీళ్ళతొట్టి పక్కన పడేయించింది. మిరియం దాన్ని వాసన చూసి, మీద కాలెత్తి తన అభిప్రాయం తెలియజేసింది. అయ్యవారు దాన్ని కడుక్కుని తీసుకెళ్ళాడు. మూడో వారానికి గొడుగు తెరిచినా గుర్రు రాలేదు. కుర్చీ జానా జానా జరిగి వాకిట్లో ఉన్న బావి దాటింది. నాకు కేకలు వేసే పని తగ్గింది. గడువు ఇంకా నాలుగు రోజులుందనగా మునెమ్మ చిక్కం విప్పింది. చూద్దామని నాయన మండీ గుమ్మంలో నిలబడ్డాడు.

ఆ రోజే మాకెవరికీ తట్టని తప్పు జరిగింది. బియ్యప్పిండి గీతను మా ఇంటి చీమలు మధ్యాహ్నంలోపే మోసుకుపోయాయి. నేను ఒక పాడు క్రియాపదం దగ్గర తడబడి తాడు వదిలేశాను. మిరియం లేచింది. గీత ఉండాల్సిన చోటికి వచ్చి ఆగింది, నేలంతా వాసన చూసింది. గీత లేదు. నేరుగా అయ్యవారి వైపు నడిచింది. "ఎవురూ అరవద్దండి," అంది మునెమ్మ, చిన్నగొంతుతో. అయ్యవారు లేవలేదు. అదే పాఠం అదే స్వరంతో చదువుతూనే ఉన్నాడు. మిరియం పిక్క మీది మచ్చను వాసన చూసింది. ఒడిలో చేతిని చూసింది. నశ్యం వేళ్ళల్లో ముక్కు దూర్చింది. వరసగా మూడు తుమ్ములు తుమ్మి, తనకు తానే హడలి, గిర్రున ఒక చుట్టు తిరిగి, కుర్చీ కింద పడుకుంది. అయ్యవారు పుస్తకంలోంచి తలెత్తకుండానే "చిరంజీవ" అన్నాడు. నాయన నవ్వాడు. ఆయన పళ్ళు నేను చూసింది అదే మొదటిసారి. "ఉండనీ," అని ఒక్క మాట అని మండీలోకి వెళ్ళిపోయాడు. నేను మిరియాన్ని వాటేసుకుని ముక్కు కారేదాకా ఏడ్చాను.

హిందీ పరీక్ష ఫస్టుక్లాసులో పాసయ్యాను. ఊరంతా వినేలా చదివాక పాసుగాక ఏమవుతుంది. మంచి బెల్లం ఒక దిమ్మె పట్టుకుని అయ్యవారింటికి వెళ్ళాను. దారి పొడుగునా ధైర్యం కూడగట్టుకుని, "సార్, కుక్కకి నేర్పింది నేనే," అన్నాను.

"తెలుసమ్మా," అన్నాడు ఆయన, బెల్లం వాసన చూసుకుంటూ. "కాలు పట్టుకుని కింద పడితిని గదా, కండ్లకెదురుగా నీ సెయ్యే ఉండె. గుప్పిట్లోంచి మోసేతి దాకా సీమలు బారు కట్టినాయి."

"మరి నాయనకి ఎందుకు సెప్పలేదు సార్?"

"సెప్పింటే మీ నాయన రెండు పనులు సేసుంటాడు. కుక్కని ఘాట్‌లో దించుంటాడు, నిన్ను బడి మానిపించుంటాడు. కరిసిన కుక్క మింద నాకంత ప్రేమేం లేదులే."

ఆ మాట అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది. సూదులు పొడిపించుకున్న ఆ కడుపు వైపు చూడలేకపోయాను. సిగ్గు కమ్మేసి, ఏదో ఒకటి అనాలని, "కాణిపాకం పక్కనే ఉండి అబద్దం సెప్పినారే సార్?" అన్నాను. "నన్ను ప్రమాణం సెయ్యమని ఎవురడిగినారు?" అని నశ్యం పీల్చాడు. తరవాత ముప్పై ఏళ్ళు నేను బడుల్లో హిందీ చెప్పానంటే, అది ఆయన బొడ్డు చుట్టూ పొడిచిన సూదుల పుణ్యమే.

ఇప్పుడు మా అమ్మాయి హాల్లో ట్రైనర్ పలకల నేల మీద రంగు టేపుతో గీత అంటిస్తున్నాడు. "ఇది కొత్త పద్ధతి అవ్వా, కొట్టకుండా తిట్టకుండా," అంటున్నాడు. "అట్లనా నాయనా," అన్నాను. టేపు మేలే, చీమలు ఎత్తుకుపోవు. ఆ కాలమే గొప్పదని నేననను. ఆ కాలంలో మిరియానికి ఒక మునెమ్మ దొరికింది, దొరకని కుక్కలకు రాళ్ళే దొరికాయి. మునెమ్మకు తెలిసినదాన్ని అప్పట్లో ఎవరూ విద్య అనలేదు. ఇప్పుడు ఆ విద్యకు ఒక పేరుంది, నేర్పే కుర్రాడున్నాడు. లేనిదల్లా తీరిక. "రోజూ అరగంట, కర్ర ఉన్న మనిషే ఆ కుర్చీలో కూర్చోవాలి," అన్నాడు ట్రైనర్. అల్లుడు ఫోన్ చూసుకున్నాడు, అమ్మాయి గడియారం చూసుకుంది, ఆ తరవాత అందరూ నన్ను చూశారు. ఆ కుర్చీ నాకు కొత్తగాదు, దాని అవతలి వైపు నుంచి బాగా తెలుసు.

అప్పుడు కనపడింది నాకు. నాలుగో అంతస్తు కదా, చీమలెక్కడ ఎక్కుతాయనుకునేదాన్ని. సోఫా చెయ్యి మీదుగా సన్నటి బారు ఒకటి పాకి, హాసిని గౌను జేబులోకి పోతోంది. జేబు అంచున బిస్కెట్ పొడి. బ్రూనో కన్ను నా కర్ర మీద ఒకసారి, ఆ జేబు మీద ఒకసారి. నేను వచ్చిన పది రోజులకు ఆ పిల్లకు హిందీ మొదలుపెట్టాను, బ్రూనో అరుపులు మొదలయ్యాక హిందీ ఆగిపోయింది. ఇంత తేలిక లెక్క నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు.

"ఎవరైనా ఉసిగొల్పుతున్నారా అంటే మీరెవరూ చెప్పలేదు," అన్నాడు ట్రైనర్ మళ్ళీ. హాసిని ముఖం పాలిపోయింది.

"ఎవరూ లేరు నాయనా," అన్నాను. "దానికి కర్రంటే భయం. నోరు లేని జీవం."

కర్ర ఊతంగా లేచి, గీతకు అవతల కుర్చీలో కూర్చుని, మనవరాలిని దగ్గరికి పిలిచి చెవిలో చెప్పాను. "హిందీ పుస్తకం తీసుకుని కుక్క పక్కన కూర్చో. జేబులో ఉన్నవి ఇంక అది అరవనప్పుడు పెట్టు."

పిల్ల పుస్తకం అందుకుంది. "రోజూనా అవ్వా? ఆదివారం కూడానా?"

"బ్రూనోకు ఆదివారం తెలుస్తుందా పాపా?" అన్నాను.